బోయ్‌ను కట్టేసేది ఎట్లా, దాని లెక్కను నమ్మేది ఎట్లా?

పోయిన నెల ఈ శీర్షికలో వేరే ప్రశ్నకు జవాబిస్తూ ఒక మాట రాశాను. విశాఖ, కొచ్చి తీరాల దగ్గర నీటి నాణ్యతను ఎప్పటికప్పుడు కొలిచే బోయ్‌లు, అంటే పరికరాలు మోస్తూ నీటి మీద తేలే డబ్బాలు, ఉన్నాయని, వాటిని హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ నడుపుతోందని. అంతే. ఆ ఒక్క మాటకు ఇన్ని ఉత్తరాలు వస్తాయని నేను అనుకోలేదు. సముద్రం చూడాలంటే రాత్రంతా బస్సెక్కాల్సిన ఊళ్ల నుంచే అన్నీ. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఓడల మీద ఇలాంటి పరికరాలు దించడం, తీయడం, బాగుచేయడం నా పని. ఇప్పుడు కడపలో ఫ్యాన్ కింద కూర్చుని వాటి గురించి రాయడం సుఖంగానే ఉంది. ఈ నెల మొత్తం ఆ ప్రశ్నలకే ఇస్తున్నాను. కుక్కర్ రబ్బరు గురించి అడిగిన అమ్మగారు వచ్చే నెల దాకా ఆగాలి.

మీరు రాసింది తరగతిలో చదివి వినిపించాను. మా పిల్లలది ఒకటే గోల: అంత నీళ్లలో దాన్ని దేనికి కట్టేస్తారు, గుంజ ఎక్కడ పాతుతారు, తాడు తెగితే ఎట్లా అని.
— ఒక ఉపాధ్యాయిని, తాడిపత్రి

గుంజ పాతరు టీచరమ్మా, బరువు వేస్తారు. తీరానికి దగ్గర, ఇరవై ముప్పై మీటర్ల లోతులో అయితే కాంక్రీటు దిమ్మెనో, పోత ఇనుము ముద్దనో అడుగుకు దించి, దాని నుంచి పైకి ఇనుప గొలుసు వేస్తారు. గొలుసు లోతుకంటే పొడుగ్గా ఉంటుంది. మిగిలిన భాగం అడుగున ఇసుక మీద పడి ఉంటుంది. అల వచ్చి బోయ్‌ను ఎత్తినప్పుడు ఆ పడి ఉన్న గొలుసు కొంచెం కొంచెంగా లేస్తుంది, అల దిగితే మళ్లీ పడుకుంటుంది. దిమ్మెకు ఒక్కసారిగా గుంజుడు తగలదు.

నడి సముద్రంలో ఈ పద్ధతి చెల్లదు. బంగాళాఖాతంలో మన దేశపు బోయ్‌లు కొన్ని మూడు కిలోమీటర్ల లోతు దగ్గర కూడా ఉన్నాయి. అంత గొలుసు వేస్తే దాని బరువుకు బోయే మునిగిపోతుంది. అందుకని పైన కొంత దూరం ఉక్కు తీగ వేసి దానికి పరికరాలు బిగిస్తారు. దాని కింద నైలాన్ తాడు, ఇంకా కింద పాలీప్రొపిలీన్ తాడు. ఇక్కడే ఒక తెలివి ఉంది. నైలాన్ నీళ్లలో మునుగుతుంది, పాలీప్రొపిలీన్ తేలుతుంది. గాలి, ప్రవాహం లేక తాడు వదులైనప్పుడు పైనున్న నైలాన్ కిందికి దిగుతుంది, కిందున్న పాలీప్రొపిలీన్ పైకి లేస్తుంది. మధ్యలో తాడు ఎస్ అక్షరంలా వంపు తిరిగి ఊరుకుంటుంది. దాంతో వదులు తాడు పైకి తేలి ఓడ ఫ్యాన్‌కు చుట్టుకోదు, అడుగున రాళ్లకు రాసుకుని తెగదు. రెండు రకాల తాళ్లు, వాటి మధ్య ఒక ముడి. కంప్యూటర్లూ ఉపగ్రహాలూ అంటూ ఎన్ని చెప్పినా, మొత్తం ఏర్పాటులో నాకు బాగా నచ్చింది ఈ తాళ్ల సంగతే.

పలుపుతో కట్టేసిన ఆవు గుంజ చుట్టూ మేసినట్టు, బోయ్ కూడా తన దిమ్మె చుట్టూ ఒక వలయంలో తిరుగుతూ ఉంటుంది. లోతు నీళ్లలో ఆ వలయం కిలోమీటరు పైనే ఉంటుంది. బోయ్ మీద జీపీఎస్ ఉంటుంది కాబట్టి అది వలయం దాటిందంటే ఒడ్డున ఆఫీసులో వెంటనే తెలుస్తుంది. అంటే తాడు తెగిందని. అప్పుడు ఓడ వేసుకుని వెతకడానికి పోవాలి. ఆ వెతుకులాట గురించి పిల్లలకు చెప్పండి, సరదాగా వింటారు. నాకైతే అది వాంతులు, నిద్రలేని రాత్రులు.

వెనక్కి తీసేటప్పుడు దిమ్మెను పైకి లాగరు. దానికి కాస్త పైన ఒక కొక్కెం ఉంటుంది. ఓడ మీది నుంచి నీళ్లలోకి ఒక గుర్తు శబ్దం పంపితే ఆ కొక్కెం దాన్ని విని తెరుచుకుంటుంది. తాడూ పరికరాలూ మనకు దొరుకుతాయి, దిమ్మె అక్కడే ఉండిపోతుంది. శబ్దం నీళ్లలో సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోతుంది. మూడు కిలోమీటర్ల కిందికి కబురు పోయి జవాబు రావడానికి నాలుగు సెకన్లు. ఆ నాలుగు సెకన్లూ ఓడ మీద ఎవరూ మాట్లాడరు.

పిల్లలకు ఇంకొకటి: ఇలాంటి బోయ్‌లన్నీ పసుపు రంగులో ఉంటాయి. రాత్రి వాటి మీది పసుపు దీపం 20 సెకన్లలో ఐదు సార్లు మెరుస్తుంది. ఏ దేశపు సముద్రంలో అయినా ఇదే లెక్క. ఐదు మెరుపులు చూసిన నావికుడు అది దారి చూపే దీపం కాదు, కొలిచే పరికరం అని తెలుసుకుని పక్కకు తప్పుకుంటాడు.

రైతులు బోరు నీళ్లు బాటిల్‌లో పట్టుకొస్తే ఈసీ మీటర్ ముంచి చూసి చెప్తాం. ఐదు నిమిషాల పని. సముద్రం నీళ్లు ఎప్పుడు చూసినా ఉప్పే కదా సార్, దాన్ని గంటగంటకూ కొలవడం ఎందుకు?
— డ్రిప్ పైపుల దుకాణదారు, పులివెందుల

మంచి ప్రశ్న. మీ చేతిలో ఉన్న మీటరూ సముద్రంలో వేలాడే పరికరమూ కొలిచేది ఒక్కటే: నీళ్లలో కరెంటు ఎంత సులువుగా పోతోంది అని. ఈసీ అంటే అదే. ఉప్పు ఎక్కువైతే బాగా పోతుంది. మీ దగ్గర ఈసీ 3,000 మైక్రోసీమెన్స్ దాటితే ఆ నీళ్లు పైరుకు వద్దని రైతుకు చెప్తారు. సముద్రం నీళ్లకు అది 50,000 దాకా ఉంటుంది. మీ మీటర్ అక్కడ ముంచితే అంకె చూపించదు, స్కేలు దాటిందని చెప్పి ఊరుకుంటుంది.

ఇంకో తేడా. నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కితే ఉప్పు అంతే ఉన్నా ఈసీ సుమారు రెండు శాతం పెరుగుతుంది. మీ మీటర్ లోపలే దాన్ని సర్దేసి 25 డిగ్రీల లెక్కకు తెచ్చి చూపిస్తుంది. సముద్రంలో ఆ సర్దుబాటు చాలా జాగ్రత్తగా చేయాలి. అందుకే ఉప్పు కొలిచే పరికరం పక్కనే వేడి కొలిచేది, లోతు కొలిచేది ఉంటాయి. మూడూ కలిపితేనే ఉప్పు ఎంతో తేలుతుంది.

ఇక ఎప్పుడూ ఉప్పే కదా అన్నారు. బంగాళాఖాతం విషయంలో ఆ మాట కుదరదు. మామూలుగా సముద్రంలో కిలో నీటికి 35 గ్రాముల ఉప్పు అంటారు. వానాకాలం పోయాక గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి కుమ్మరించిన నీళ్లతో బంగాళాఖాతం ఉత్తర భాగంలో పైపొర 30 గ్రాముల కంటే కిందికి దిగుతుంది. ఆ తేలిక నీళ్లు అక్కడే ఆగవు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తీరం వెంట ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి ఉంటుంది. ఒడిశా, విశాఖ, కాకినాడ, నెల్లూరు మీదుగా తమిళనాడు వైపు సుమారు వంద కిలోమీటర్ల వెడల్పున పల్చటి నీటి పట్టీ ఒకటి జారుతూ పోతుంది. శాస్త్రవేత్తలు దీనికి సముద్రంలో నది అని పేరు పెట్టారు. ఫిబ్రవరి, మార్చి నాటికి ప్రవాహం ఎదురు తిరుగుతుంది. అప్పుడు దక్షిణం నుంచి ఉప్పెక్కువ నీళ్లు పైకి వస్తాయి.

ఈ సముద్రంలో నది ఉందని గట్టిగా తేల్చింది ఎవరో తెలుసా? ఖరీదైన పరికరాలు కాదు. తూర్పు తీరంలోని మత్స్యకారులు క్రమం తప్పకుండా కొన్ని రోజులకోసారి బాటిల్‌లో నీళ్లు పట్టి ఇస్తే, ఏళ్ల తరబడి వాటి ఉప్పు కొలిచి 2014లో ఆ ఫలితాలు ప్రచురించారు. మీ దుకాణానికి బాటిల్ తెచ్చే రైతు పనీ, ఆ పనీ ఒక్కటే. కాకపోతే బాటిల్ కొన్ని రోజులకొకటి చెప్తుంది, బోయ్ గంటకొకటి చెప్తుంది. ఆ గంటల్లో జరిగేవి చాలా ఉన్నాయి.

ఉదాహరణకు వేసవి తీసుకోండి. మార్చి నుంచి మే దాకా నైరుతి వైపు నుంచి వీచే గాలి విశాఖ తీరం వెంట పోతూ పైనీళ్లను నడి సముద్రం వైపు తోస్తుంది. ఆ ఖాళీలోకి అడుగు నీళ్లు పైకి వస్తాయి. అవి చల్లగా ఉంటాయి, పోషకాలు ఎక్కువ, ఆక్సిజన్ తక్కువ. పోషకాలు తగిలి సూక్ష్మమైన నాచు విపరీతంగా పెరుగుతుంది, చేపలు అక్కడికి చేరతాయి. కానీ ఆ నాచు చచ్చి కుళ్లితే ఉన్న ఆక్సిజన్ కూడా ఖర్చవుతుంది. పైన బాగా గాలి కలిసిన సముద్రపు నీళ్లలో లీటరుకు ఆరు మిల్లీగ్రాముల పైన ఆక్సిజన్ ఉంటుంది. అది రెండు కంటే తగ్గితే చేపలు ఆ చోటు వదిలి పారిపోతాయి, పోలేనివి చచ్చిపోతాయి. గాలి మారిన ఒకటి రెండు రోజుల్లోనే ఇదంతా మొదలుకావచ్చు. నెలకోసారి పడవలో పోయి నీళ్లు పట్టేవాడికి అది కనబడదు. పోయినప్పుడు బాగుంది, మళ్లీ పోయినప్పుడూ బాగుంది, నడుమ ఏం జరిగిందో ఎవరికీ తెలియదు.

అన్నట్టు మీ పులివెందుల మీద పడిన వాన కూడా పాపాఘ్ని, పెన్నా పట్టుకుని చివరికి ఆ ఉప్పులో కలిసేదే. పారినప్పుడు సుమా.

కర్నూలులో సముద్రం లేదు. కడపలో లేదు. అనంతపురంలో తాగడానికే నీళ్లు లేవు. ఈ శీర్షికలో సముద్రం సంగతి ఎందుకు? పైగా ఆకాశంలో ఇన్ని ఉపగ్రహాలు తిరుగుతుంటే నీళ్లలో డబ్బాలు వేలాడదీయడం డబ్బు దండగ కాదా?
— విశ్రాంత ఉద్యోగి, కర్నూలు

అయ్యా, దేశం మొత్తానికి సముద్రం సమాచారం ఇచ్చే ఇన్‌కాయిస్ 1999 నుంచి హైదరాబాద్‌లోనే ఉంది. అక్కడ ఉన్నది హుస్సేన్ సాగర్ ఒక్కటే.

2009 అక్టోబర్ మొదట్లో మీ ఊళ్లో మిద్దెలెక్కినవాళ్లకు సముద్రం సంగతి ఎందుకని అడగండి. తుంగభద్ర, హంద్రీ పొంగడానికి కారణమైన వాన బంగాళాఖాతంలో పుట్టిన అల్పపీడనం నుంచే వచ్చింది. 2021 నవంబర్ 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్లకు ఊళ్లు కొట్టుకుపోయినప్పుడూ వాన వచ్చింది అక్కడి వాయుగుండం నుంచే. బోయ్‌లు ఉంటే అవి ఆగేవని నేను అనను. కట్టల సంగతి వేరు, గేట్ల సంగతి వేరు. కానీ వాయుగుండం ఎంత బలపడుతుందో లెక్కకట్టేవాళ్లకు సముద్రం లోపల వేడి ఎంత లోతు దాకా ఉందో తెలియాలి.

ఇక ఉపగ్రహాలు. అవి గొప్పవే. అయితే అవి చూసేది నీటి పైచర్మం. పరారుణ కాంతితో వేడి చూసే ఉపగ్రహానికి, నీటి రంగు చూసే ఉపగ్రహానికి మబ్బు అడ్డమొస్తే ఏమీ కనబడదు. మనకు బాగా అవసరమైనది ఆ మబ్బు పట్టిన రోజుల్లోనే. మబ్బు గుండా చూడగలిగే మైక్రోవేవ్ ఉపగ్రహాలు తీరానికి దగ్గరగా సరిగా చూడలేవు, గట్టి వానలోనూ తడబడతాయి. పైగా ఇందాక చెప్పిన పల్చటి నీటి పొర ఉందే, అది బంగాళాఖాతంలో మూతలా పనిచేస్తుంది. తుపాను గాలి మామూలుగా సముద్రాన్ని కలియబెట్టి కింది చల్లటి నీళ్లను పైకి తెస్తుంది, దాంతో దాని బలం కొంత తగ్గుతుంది. పైన తేలిక పొర ఉంటే ఆ కలయిక సరిగా జరగదు, పైనీళ్లు వేడిగానే ఉండిపోతాయి. ఈ పొర ఎంత మందం ఉందో పైనుంచి చూస్తే తెలియదు. చెన్నైలోని నియాట్ సంస్థ బంగాళాఖాతంలో, అరేబియా సముద్రంలో పెట్టిన ఓమ్ని బోయ్‌లకు 500 మీటర్ల లోతు దాకా వేర్వేరు చోట్ల పరికరాలు వేలాడుతుంటాయి. పొర సంగతి చెప్పేది అవి.

దండగ అన్నారు కాబట్టి ఒక మాట. బోయ్ కొనడానికి అయ్యే ఖర్చు కంటే దాన్ని ఏళ్ల తరబడి నిలబెట్టడానికి ఓడకూ మనుషులకూ అయ్యే ఖర్చే ఎక్కువ బరువు. కొన్నప్పుడు ఫొటోలు దిగుతారు. మూడో ఏడాది పరికరం శుభ్రం చేయడానికి ఓడ అడిగితే ఎవరూ పలకరు. మీరు కోప్పడాలనుకుంటే దాని మీద కోప్పడండి, నేనూ తోడొస్తాను.

మా ఊళ్లో గ్రౌండ్ వాటర్ వాళ్ల పీజోమీటర్ ఉంది. బోరులోకి ఏదో వైరు దించి పెట్టారు, నీటి మట్టం దానంతట అదే ఆఫీసుకు పోతుందంటారు. అదీ ఇలాంటిదేనా?
— ఒక రైతు, కళ్యాణదుర్గం

అదే సూత్రం అన్నా. ఆ వైరు చివర ఉన్నది ఒత్తిడి కొలిచే పరికరం. తన పైన ఎంత నీటి బరువు ఉందో చూసి మట్టం చెప్తుంది. సముద్రంలో ప్రతి పది మీటర్ల లోతుకూ సుమారుగా నేల మీద గాలి మన మీద మోపే ఒత్తిడి అంత ఒత్తిడి పెరుగుతుంది. సునామీ కోసం అడుగున పెట్టే పరికరం కిలోమీటర్ల నీటి కింద కూర్చుని కూడా పైన నీటి మట్టం ఒక్క సెంటీమీటర్ తేడా వస్తే పట్టేస్తుంది. ఆ కబురును శబ్దం రూపంలో పైనున్న బోయ్‌కు, బోయ్ దాన్ని ఉపగ్రహానికి చేరవేస్తాయి. మీ ఊరి వైరును మేకలు కొరకకుండా చూసుకోండి.

నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాను. మా ల్యాబ్‌లో పీహెచ్ మీటర్‌ను వారానికోసారి బఫర్‌లో, అంటే పీహెచ్ ముందే తెలిసిన ద్రావణంలో, పెట్టకపోతే తప్పు చూపిస్తుంది. సముద్రంలో నెలల తరబడి వదిలేసిన పరికరం చెప్పే అంకెను ఎట్లా నమ్ముతారు?
— విద్యార్థిని, ప్రొద్దుటూరు

అమ్మా, వచ్చిన ఉత్తరాలన్నిటిలో నేను ఎదురుచూసిన ప్రశ్న ఇదే. నా ఉద్యోగమంతా దీని చుట్టూనే తిరిగింది.

వెచ్చటి సముద్రంలో ఏ వస్తువు వేసినా రోజుల్లోనే దాని మీద జిగురు పొర పడుతుంది. దాని మీద పాచి పెరుగుతుంది. తర్వాత రాయిలా గట్టిగా అతుక్కునే చిన్న గుల్లలు, బార్నకిల్స్ అంటారు, అవి వస్తాయి. నెలల తర్వాత బోయ్‌ను ఓడ మీదికి లాగితే అది పరికరంలా ఉండదు, ఒక ఊరులా ఉంటుంది. డెక్ మీద పడగానే అందులోంచి పీతలు నాలుగు వైపులా పరిగెత్తుతాయి. వాసన గురించి రాయను, మీరు అన్నం తినే వేళ కావచ్చు.

ఆ పెరుగుడు ఒక్కో పరికరాన్ని ఒక్కో రకంగా మోసం చేస్తుంది. ఉప్పు కొలిచే పరికరంలో సన్నటి గొట్టం ఉంటుంది. లోపల పాచి పట్టి దారి ఇరుకైతే కరెంటు తక్కువ పోతుంది. అంకె చూస్తే నీళ్లలో ఉప్పు తగ్గుతున్నట్టు ఉంటుంది, నిజానికి ఏమీ తగ్గలేదు. ఆక్సిజన్ పరికరం ఇప్పుడు ఎక్కువగా కాంతితో పనిచేస్తుంది. ఒక రంగు పదార్థం మీద నీలి కాంతి వేస్తే అది ఎర్రగా వెలుగుతుంది, చుట్టూ ఆక్సిజన్ ఎంత ఎక్కువ ఉంటే ఆ వెలుగు అంత త్వరగా ఆరిపోతుంది. మంచి పద్ధతి. కానీ దాని ముఖం మీద పాచి ఉంటే ఆ పాచి పగలు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి పీల్చుకుంటుంది. సముద్రంలో పగటికీ రాత్రికీ పెద్ద తేడా ఉన్నట్టు కనబడుతుంది. నువ్వు కొలుస్తున్నది సముద్రాన్ని కాదు, పరికరం మూతి మీద పెరిగిన పాచిని. ఇక నీటి మురికిని, పత్రహరితాన్ని కాంతితో కొలిచే పరికరాల కిటికీ మూసుకుపోతే అంకె ఊరికే పైకెక్కుతుంది.

దీనికి మందులు ఉన్నాయి. రాగి దగ్గర ఈ జీవులు త్వరగా పెరగవు, అందుకని పరికరం ముఖం చుట్టూ రాగి కవచం వేస్తారు. కారు అద్దానికి ఉన్నట్టు చిన్న వైపర్ పెట్టి కొలిచే ముందు కిటికీ తుడిపిస్తారు. అతినీలలోహిత దీపంతో కాసేపు వెలిగించి చంపేది ఒకటుంది. గొట్టం రెండు చివర్లా విషం మాత్రలు పెట్టే పద్ధతీ ఉంది. ఇవన్నీ ఆలస్యం చేస్తాయి, ఆపలేవు.

మరి నమ్మకం ఎక్కడ నుంచి వస్తుంది అంటే, మందుల నుంచి కాదు, పద్ధతి నుంచి. పరికరం దించే రోజు దాని పక్కనే నీళ్లు పట్టి ల్యాబ్‌లో కొలవాలి. తీసే రోజు కూడా, అది ఇంకా నీళ్లలో ఉండగానే పట్టాలి. పైకి తీశాక ఆ పాచితోనే, ఆ గుల్లలతోనే, తెలిసిన ఉప్పు ఉన్న నీళ్ల తొట్టిలో పెట్టి ఏం చూపిస్తుందో రాసుకోవాలి. తర్వాత శుభ్రం చేసి మళ్లీ అదే తొట్టిలో పెట్టాలి. మొదటి అంకెకూ రెండో అంకెకూ తేడా పాచి చేసిన తప్పు. శుభ్రం చేశాక కూడా మిగిలిన తప్పు పరికరం ముసలిదైనందుకు వచ్చింది. రెండూ విడివిడిగా తెలిస్తేనే వెనక నెలల అంకెలను సరిచేయగలం. కొత్తగా చేరిన కుర్రాళ్లు ఉత్సాహంతో, డెక్ మీదికి రాగానే బ్రష్ పట్టుకుని తోమడం మొదలుపెడతారు. తోమితే సాక్ష్యం కడిగేసినట్టే. వాళ్ల చేతిలో బ్రష్ లాక్కోవడమే నా ఉద్యోగంలో సగం.

పరికరం తప్పా, సముద్రమే మారిందా అని అంకెల వాలకం చూసి కూడా కొంత చెప్పొచ్చు. పాచి నెమ్మదిగా, ఒకే వైపుకు లాగుతుంది. నిజమైన మార్పు వస్తుంది, పోతుంది, ఒంటరిగా రాదు. ఉప్పు తగ్గినప్పుడు వేడి కూడా మారిందా? ప్రవాహం ఉత్తరం నుంచి వస్తోందా? ఐదు మీటర్ల దగ్గర తగ్గితే పది మీటర్ల దగ్గర ఏమైంది? ఇవన్నీ పొంతన కుదిరితే సముద్రం, కుదరకపోతే పాచి. అనుమానం ఉన్న అంకెను చెరిపేయకూడదు. పక్కన గుర్తు పెడతారు: బాగుంది, బాగున్నట్టుంది, అనుమానం, పనికిరాదు అని. ఈ రోజు పనికిరాదనుకున్నది రేపు ఒక తుపాను లెక్కలో నిజమని తేలిన సందర్భాలు ఉంటాయి.

మీ పీహెచ్ మీటర్ గురించి రాశావు. ఆ గాజు బల్బు మీటర్‌ను సముద్రంలో నెలల తరబడి నమ్మడం కష్టమే. అందుకే అక్కడ గాజు లేకుండా, సిలికాన్ చిప్ మీద పీహెచ్ కొలిచే రకం ఎక్కువ వాడతారు. దానికీ బఫర్ బాధ తప్పదు. మీ ల్యాబ్‌లో వారం వారం చేసే ఆ చాకిరీని విసుక్కోకు.

తాతయ్యా, షార్క్ వచ్చి బోయ్‌ను కొరికితే దానికి షాక్ కొడుతుందా?
— ఎనిమిదో తరగతి, ఆదోని

కొట్టదు నాన్నా. లోపల ఉన్నది సోలార్ ప్యానెల్‌తో నిండే తక్కువ వోల్టుల బ్యాటరీ, అదీ నీళ్లు చొరని డబ్బాలో. చేపలు మాత్రం తాళ్లను నిజంగానే కొరుకుతాయి, పంటి గుర్తులు నేను చూశాను. అందుకే పైభాగంలో తాడు బదులు ప్లాస్టిక్ తొడుగు ఉన్న ఉక్కు తీగ వాడతారు.

మా చెల్లెల్ని నెల్లూరు జిల్లా తీరం ఊరికి ఇచ్చాం. అక్కడివాళ్లు బోయ్‌లకు పడవలు కట్టేస్తారని, ప్యానెళ్లు విప్పుకుపోతారని అంటారు. అంత అవసరమైన వస్తువైతే వాళ్లకు తెలియదా?
— గృహిణి, రాజంపేట

అమ్మా, పాడుచేసేవాళ్లు ఉన్న మాట నిజమే. ప్రపంచమంతా ఉన్న బాధే ఇది. అయితే తప్పంతా మత్స్యకారుల మీద వేసేవాళ్లతో నేను ఒప్పుకోను. సముద్రంలో తేలే ఏ వస్తువు కిందైనా చేపలు చేరతాయి. చిన్నవి నీడకు, పాచికి వస్తాయి, పెద్దవి చిన్నవాటి కోసం వస్తాయి. డీజిల్ పోసుకుని ఇంత దూరం వచ్చినవాడికి చేపల గుంపు కనబడుతుంటే వల వేయకుండా పొమ్మంటే పోతాడా? వల తాడుకు చిక్కుకుంటుంది, తాడు కోస్తాడు. దొంగబుద్ధితో విప్పుకుపోయేవాళ్లు వేరు, వాళ్లు ఏ ఊళ్లో లేరు చెప్పండి. మన బోర్ల దగ్గర కేబుల్ వైరు పోవడం లేదా?

పనిచేసేది ఏమిటంటే, ఆ బోయ్ చెప్పిన కబురు ఆ ఊరికే ముందు చేరడం. అలల ఎత్తు కొలిచే బోయ్‌లు కృష్ణపట్నం దగ్గర, విశాఖ దగ్గర ఉన్నాయి. గుండ్రటి బంతిలా ఉంటాయి, రబ్బరు తాడుతో కట్టి ఉంటాయి. ఆ అలల అంచనాలు, చేపలు దొరికే చోట్ల సమాచారం ఇన్‌కాయిస్ తెలుగులో కూడా ఇస్తోంది. ఈ రోజు వేటకు పోవచ్చా లేదా అని ఫోన్‌లో చూసుకునే కుర్రాడికి, అది ఆ పసుపు బంతి నుంచి వచ్చిన మాట అని తెలిస్తే దానికి పడవ కట్టడు. బాటిళ్లలో నీళ్లు పట్టి ఇచ్చింది కూడా వాళ్లే అని ఇందాకే రాశాను. మీ మరిదికి ఈ పేజీ చించి పంపండి.

నేను ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. ప్రాజెక్టుకు ఇలాంటి బోయ్ చిన్నది చేద్దామని ఉంది. అనంతపురంలో సముద్రం ఎక్కడ తేవాలి సార్?
— విద్యార్థి, అనంతపురం

చెరువు చాలు. నీళ్లున్న ఏడాది బుక్కపట్నం చెరువో, శింగనమల చెరువో చూసుకో. చేపలు పెంచే చెరువైతే ఇంకా మంచిది, అడిగితే కాంట్రాక్టరే డబ్బులు పెట్టుకోవచ్చు.

అన్నీ కొలవాలని ఆశపడకు. వేడి, ఆక్సిజన్ రెండూ చాలు. వేడికి నీళ్లు చొరని డీఎస్18బీ20 సెన్సర్ చౌకగా దొరుకుతుంది. ఒకటి పైన, ఒకటి అడుగుకు కాస్త పైన, నడుమ ఒకటి కట్టు. ఒకే తీగ మీద మూడూ పనిచేస్తాయి. వేసవి మధ్యాహ్నం పైకీ కిందికీ ఎంత తేడా ఉందో, రాత్రి ఆ తేడా ఎట్లా పోతుందో చూస్తే బంగాళాఖాతం పొరల సంగతి నీకు సగం అర్థమవుతుంది. ఆక్సిజన్ సెన్సర్ ఖరీదు, కాలేజీ చేత కొనిపించు. చెరువులో ఆక్సిజన్ తెల్లవారుజామున అన్నిటికంటే తక్కువ ఉంటుంది, ఎందుకంటే రాత్రంతా అన్నీ పీల్చుకునేవే, వదిలేవి ఉండవు. చేపలు తెల్లారేసరికి తేలడం అందుకే. ఆ గంట ముందు ఫోన్‌కు మెసేజ్ పంపగలిగితే నీ ప్రాజెక్టు ప్రదర్శనలో పెట్టుకునే వస్తువు కాకుండా పనికొచ్చే వస్తువు అవుతుంది.

బోయ్‌కు మూత బిగించిన పీవీసీ గొట్టం, కింద ఇసుక నింపిన బకెట్, చెరువు లోతుకు రెండింతల నైలాన్ తాడు. తాడు ముడి మీద సీనియర్లను నమ్మకు, చెరువులో వల వేసే మనిషిని అడిగి వేయించుకో. డబ్బా లోపల తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం పెట్టు. బట్టల షాపు డబ్బాలో వచ్చేది కాదు, కొత్తది. డేటా ఫోన్ నెట్‌వర్క్ మీద పంపినా, లోపల మెమరీ కార్డు మీద కూడా రాయించు, చెరువు గట్టు మీద సిగ్నల్ ఉంటుందని గ్యారంటీ లేదు. వారానికోసారి పోయి చేతి మీటర్‌తో పక్కన కొలిచి తేదీ, సమయం వేసి నోట్‌బుక్‌లో రాసుకో. ముందు కొలిచి, తర్వాత పాచి తుడువు. పంచాయతీ వాళ్ల దగ్గర కాగితం మీద అనుమతి తీసుకుని, బోయ్ మీద నీ ఫోన్ నంబరు, కాలేజీ పేరు పెయింట్‌తో రాయి. స్టిక్కర్ అంటిస్తే నెలకే ఊడిపోతుంది.